మొగలి అత్తరు

నాకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చి పంజాగుట్టలో అద్దెకుంటున్న రోజులవి. అమ్మ పోయిన ఏడాదికి నాన్నను కోనసీమ నుంచి నా దగ్గరకు తెచ్చుకున్నాను. వచ్చిన వారంలోనే ఆయన సాయంత్రాలు అమీర్‌పేట వెళ్లి, అత్తరు వాసనతో తిరిగి రావడం మొదలుపెట్టారు. ఒకరోజు గులాబీ, ఒకరోజు వట్టివేరు. జన్మలో పౌడరైనా రాసుకోని మనిషి! మా వైపు మగవాడు అలా గుప్పుమంటే దానికి ఒక్కటే అర్థం. ఎవరో ఉంది. అమ్మను అప్పుడే మర్చిపోయారా అని ఒళ్లు మండింది.

"ఏంటి నాన్నా ఈ కంపు?" అని నిలదీశాను.

"వాసన వస్తోందా?" అన్నారు ఆశగా, చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంటూ. ఈ నాటకాలు నా దగ్గరా అనుకున్నాను.

మర్నాడు ఆఫీసులో తలనొప్పని చెప్పి, సాయంత్రం ఆయన వెనకాలే నడిచాను. కంప్యూటర్ కోర్సుల బోర్డుల కింద గుంపుల్ని తప్పించుకుంటూ ఆయన ఒక అత్తర్ల కొట్లోకి దూరారు. నేనూ దూరాను. ఆడమనిషి ఎవరూ లేరు. ముసలి భాయ్ ఒకాయన గాజుపుల్లతో నాన్న చేతి మీద అత్తరు రాస్తున్నాడు.

నన్ను చూసి నాన్న తత్తరపడ్డారు. అంతలోనే తేరుకున్నారు. "వచ్చావా, మంచిపని చేశావమ్మా. ఈయనదంతా మోసం! మీ అమ్మ జడలో పెట్టుకునే మొగలిరేకుల వాసన కావాలంటే, ఇదే అంటాడు. నాకేమీ రావట్లేదు. ఉత్త నూనె."

"కల్తీ కాదు బేటీ, ఖుదా కసమ్," అన్నాడు భాయ్. "పెద్దాయనకు గులాబీ సుత తెలుస్తలేదు. జర డాక్టర్‌కు..."

"నా ముక్కుకేం, దివ్యంగా ఉంది!" అని కసిరి, నాన్న తన చెయ్యి నా మొహం దగ్గర పెట్టారు. "నువ్వు చెప్పు. ఇది మీ అమ్మ వాసనేనా?"

అదే. పెళ్లిళ్లకు ముస్తాబై అమ్మ నన్ను ఎత్తుకున్నప్పుడు జడలోంచి వచ్చే వాసన, అచ్చంగా అదే. ఛీ, ఈ మనిషినా నేను అనుమానించింది!

"కాదు నాన్నా. ఇది వేరే," అన్నాను.

"చూశావా!" నాన్న మొహం విప్పారింది. "అదైతే నాకు తెలియకుండా ఉంటుందా?"

భాయ్ నా వంక తేరిపార చూశాడు. నెమ్మదిగా సీసాకు మూత పెట్టాడు.

"గలతీ అయింది సాబ్," అన్నాడు. "అసలుది తెప్పిస్త."