ఖాళీ పీరియడ్‌కి భయపడిన పిల్ల

మా ఊరి హైస్కూల్లో నాలుగో పీరియడ్ ఖాళీగా ఉన్న పిల్లలంతా నా పాలబడతారు. భోజనశాలలో మూల బల్లల దగ్గర కూర్చోబెట్టి, అల్లరి చేయకుండా, నిద్రపోకుండా చూడటం నా ఉద్యోగం. నిద్ర విషయంలో నేను మరీ మొండిదాన్ని. ఎవరు తల వాల్చినా బల్ల మీద దబదబా కొడతాను. పిల్లలు నన్ను మిసెస్ కె అని పిలుస్తారు. చాటున ఇంకేదో అంటారు. అననీ.

సోల్వే టోఫ్ట్ సెప్టెంబరులో నా దగ్గరికొచ్చింది. చివరి ఏడాది చదువుతోంది. వాళ్ల నాన్న రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతాడు. కాలిక్యులస్, కెమిస్ట్రీ, చరిత్ర, సాహిత్యం అన్నీ కాలేజీ స్థాయివే తీసుకుంది. అయినా ఆ ఒక్క ఖాళీ పీరియడ్‌లో ఏదో దొంగతనం చేసినదానిలా ముడుచుకుని కూర్చునేది.

"మిసెస్ కె, నాకీ పీరియడ్ ఖాళీ అని నేను దరఖాస్తు పెట్టే కాలేజీవాళ్లకు తెలుస్తుందా అండీ?"

"తెలిస్తే తెలియనీ. మనిషివి కాదా, ఊపిరి పీల్చుకోవద్దూ?"

"బ్రిట్‌కి ఏమైందో మీకు తెలుసుగా."

తెలియనిదెవరికి? బ్రిట్ ఈ పిల్ల పెద్దమ్మ కూతురు. కాలేజీ సీటు ఖాయమయ్యాక చదువు గాలికొదిలేసి, ఖాళీ పీరియడ్లన్నీ షికార్లు తిరిగింది. మార్కులు పడిపోయాయి. జూన్‌లో కాలేజీవాళ్లు సీటు వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడు పెట్రోలు బంకులో గల్లాపెట్టె దగ్గర కూర్చుంటుంది. ఊళ్లో అందరూ అక్కడికే వెళ్తారు కాబట్టి ఆ పాఠం అందరికీ కంఠతా వచ్చేసింది. "నన్ను చూసి భయపడి చదువుతున్నావంటగా, పాఠం చెప్పినందుకు నా ఫీజు ఎప్పుడిస్తావే?" అందట సోల్వేతో. బ్రిట్‌కి అది వేళాకోళం. సోల్వేకి మాత్రం గుండెల్లో రాయి పడింది.

మా బడిలో కాలేజీ సలహాలిచ్చే హేగన్ గారి దగ్గరికి వెళ్లింది. ప్రతి పిల్ల గురించీ ఆయన కాలేజీకి ఒక మాట చెప్పాలి. బడిలో ఉన్నవాటిలో అన్నిటికన్నా కష్టమైన కోర్సులే తీసుకుందా, లేదా?

"ఫిజిక్స్ కూడా తీసుకుంటే అవునని రాస్తానమ్మా. లేకపోతే రాయలేను" అన్నాడాయన. ఉన్నమాటే అన్నాడు.

కొత్త కోర్సులో చేరే గడువు ఆ శుక్రవారంతో సరి. సోల్వే నా పీరియడ్ వదిలేసి ఫిజిక్స్‌లో చేరింది. ల్యాబ్ కోసం భోజనం పీరియడూ వదులుకుంది. మా బడిలో అదొక గొప్ప. "కెమిస్ట్రీ క్లాసులోనే తినేశా" అని పతకం గెలిచినట్టు చెప్పుకుంటారు. వింటే నాకు ఒళ్లు మండుతుంది.

నవంబరులో దరఖాస్తులు పంపేసింది. ఇక భయం తగ్గుతుందనుకున్నాను. ఇంకా పెరిగింది. రొట్టెముక్క కొరుకుతూ నడవాలో పరుగెత్తేది. పలకరిస్తే ఉలిక్కిపడేది.

జనవరిలో ఒక పొద్దున, నేను బల్లల మీది కుర్చీలు దింపుతుంటే తలుపు దగ్గర నిలబడింది. కోటు మీద మంచు ఇంకా కరగలేదు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమైందే?"

"రాత్రంతా చదివి, కారు నడుపుకుంటూ వచ్చానండీ. ఎలా వచ్చానో గుర్తు లేదు."

"గుర్తు లేకపోవడమేంటి?"

"ఇంటి దగ్గర తాళం తిప్పడం గుర్తుంది. తర్వాత ఇక్కడ కారు ఆపడం గుర్తుంది. మధ్యలో ఏమీ లేదు. రైలు పట్టాలు దాటే ఉంటాను కదా? ఆగానా? అటూ ఇటూ చూశానా?"

మా ఊరి పట్టాలకు గేటు లేదు. ధాన్యం రైలు వచ్చేది పొద్దున్నే. చేతిలో ఉన్న కుర్చీ దింపి, అందులోనే కూలబడ్డాను.

"ఫిజిక్స్ మానెయ్."

"ఇప్పుడు మానేస్తే కాలేజీకి చెప్పాలండీ. చదువుతున్నానని రాసి పంపాను. వాళ్లు కాదంటే? నేనూ బ్రిట్‌లాగే..."

"బ్రిట్ బతికుంది కదే! నిన్ను ఆటపట్టిస్తూ, నిక్షేపంలా బతికుంది!"

అంత గట్టిగా అరుస్తానని నేనూ అనుకోలేదు. సోల్వే ఏడ్చేసింది.

ఆ రోజే హేగన్ గారి గదిలో కూర్చుని ఫిజిక్స్ మానేసినట్టు కాలేజీకి రాసింది. పంపేముందు నా వైపు చూసింది. నేను తల ఊపాను. ఏమవుతుందో హేగన్ గారికీ తెలియదు. నాకసలే తెలియదు.

మర్నాడు నాలుగో పీరియడ్‌లో పాత చోటికే వచ్చి కూర్చుంది. ఇంటి నుంచి తెచ్చుకున్నదంతా తిని, తల వాల్చి నిద్రపోయింది. బల్ల మీద కొట్టాల్సిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మాకైతే కొడతారుగా అని వెనకవాళ్లు సణిగారు. నోరు మూసుకోమన్నాను.

ఇప్పుడు మార్చి. జవాబులొచ్చే రోజులు. సోల్వే మొహం తేరుకుంది. నిద్ర పట్టనిది నాకే. తల ఊపింది నేను కదా, ఆ సీటు రాకపోతే ఏ మొహం పెట్టుకుని చూడను? పెట్రోలు పోయించుకోవడానికి పక్క ఊరికి వెళ్తున్నాను. బ్రిట్ మొహం చూడాలంటే భయంగా ఉంది.

ఇవాళ సోల్వే కూర్చోకముందే అడిగాను.

"వచ్చిందా?"

"ఇంకా లేదండీ" అని, నా ముందున్న భోజనం డబ్బా మూత తీసింది. "నిన్న కూడా ముట్టుకోలేదు మీరు. ముందు తినండి."