కొసరు వద్దన్న రోజు

మొన్న వరద హెచ్చరిక రాగానే మా వీధిలో ఒక్కొక్క షట్టరూ గరగరమంటూ దిగడం మొదలైంది. వెంటనే మా అత్తగారు గుర్తొచ్చారు. ధవళేశ్వరంలో మాది బియ్యం కొట్టు. మా మామగారు పోయాక దాన్ని నడిపింది ఆవిడే. నోరు పెద్దది, చెయ్యి అంతకన్నా పెద్దది. తవ్వతో బియ్యం కొలిచాక పైన గుప్పెడు కొసరు వేస్తేగానీ ఆవిడకు బేరం ముగిసినట్టు ఉండేది కాదు.

నేను కాపురానికొచ్చిన ఏడే గోదావరి పొంగింది. వేట లేక పడవలన్నీ రేవులో కట్టేసి ఉన్నాయి. రోడ్లు మునిగి బియ్యం లారీలు ఆగిపోయాయి. పై బజారులో ఒక కొట్టును జనం దోచుకున్నారని కబురొచ్చింది. మధ్యాహ్నానికి మా కొట్టు ముందూ గుంపు చేరింది. అందరూ జాలరిపేట వాళ్ళే, రోజూ మా దగ్గర కొనేవాళ్ళే. అయినా ఆవేళ తెలిసిన ముఖాల్లా లేవు.

మావారు తలుపు చెక్కలు అందుకున్నారు. "మూసేద్దామమ్మా. ఈ బస్తాలు కూడా పోతే మనం వీధిన పడతాం."

"ఆ కొట్టువాడు బియ్యం లేవని చెప్పి వెనకగదిలో దాచాడ్రా. అది తెలిశాకే జనం మీదపడ్డారు. మనం చెక్కలేస్తే మనమూ దాచినట్టే గదా," అన్నారు అత్తగారు. "బస్తాలన్నీ అరుగు మీదికి లాగు."

మావారు గొణుక్కుంటూనే లాగారు. గుంపు ముందు పోలమ్మ నిలబడి ఉంది. రేవులో చేపలమ్మే మనిషి, పేటలో ఆమె మాటంటే మాటే. అత్తగారు తవ్వ తీసుకెళ్ళి ఆమె చేతిలో పెట్టారు.

"ఉన్నవి ఇవే పోలమ్మా. ఇంటికెంతో నువ్వే కొలువు. డబ్బులు వేట మొదలయ్యాక చూసుకుందాం."

పోలమ్మ తవ్వకేసీ బస్తాలకేసీ చూసింది. వెనక్కి తిరిగి, "వరసలో నిలబడండర్రా," అని కేకేసింది. తోపులాట సద్దుమణిగింది. అత్తగారు అలవాటుగా మొదటి సంచిలో కొసరు వేయబోతే పోలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇయ్యాళ కొసరొద్దండి అమ్మగారూ. ఎనకోళ్ళకి చాలాలి."

ఆ తరవాత ఎవరూ కొసరు అడగలేదు. వరసలో చివరనున్న ముసలాయనకు కూడా బియ్యం అందాయి.

ఉత్త ఆకలికే జనం తలుపులు బద్దలుకొట్టరని నాకు ఆవేళ అర్థమైంది. లోపల పెట్టుకుని లేదన్నారన్న కోపమే కొట్టిస్తుంది. అత్తగారు పోయి చాలా ఏళ్ళయింది. కొట్టు ఇప్పుడు మా అబ్బాయిది. మొన్న ఆ షట్టర్ల చప్పుడు వింటూ, వీడేం చేస్తాడోనని భయంభయంగా వెళ్ళి చూశాను. చెమటలు కక్కుతూ బస్తాలు గుమ్మం ముందుకు లాగుతున్నాడు.

"నాన్నమ్మ తవ్వ ఎక్కడుందమ్మా?" అన్నాడు.

దేవుడి గూట్లోంచి తీసి ఇచ్చాను.