ఐలేశం తాత దుమ్ముపచ్చ గోడ

ఐలేశం తాతకు లోకంలో దేని మీదా నమ్మకం లేదు. వాన పడుతుంటే కూడా చెయ్యి చాపి, నాలుగు చినుకులు పట్టి చూసి, "మనూరి మబ్బేనా ఇది?" అనేవాడు. కరోనా రోజుల్లో జ్వరం చూడటానికి ఇంటికొచ్చిన ఆశా కార్యకర్తను, "ముందు నీకు పెట్టుకో బిడ్డా, మిషన్ నిజం చెప్తదో లేదో చూస్త" అన్నాడు.

భువనగిరిలో టీచరుగా పనిచేస్తూ, కోట గుట్ట కింద ఆయన ఇంట్లో ఆరేళ్లు కిరాయికున్నాను. పక్క వాటాలో మనీష ఉండేది. దవాఖానలో నర్సు. రాత్రి డ్యూటీ చేసి పొద్దున వచ్చి పడుకునేది. ఆ గది గోడలు నిమ్మపండు రంగు. ఎండ పడిందంటే కళ్లు చిట్లించాల్సిందే.

పోయిన ఎండాకాలం తాత ఉన్నట్టుండి ఆమెను ఆరా తీయడం మొదలుపెట్టాడు. "ఎన్నింటికి వస్తున్నవ్? ఎప్పుడు పంటున్నవ్? కిటికీకి చీరెందుకు కట్టినవ్?"

మనీష బెదిరిపోయింది. "అక్కా, నా మీద ఏం అనుమానం పడ్డడో!"

వారం తిరక్కుండానే, "నీ గోడలకు రంగెయ్యాలె. నాలుగొద్దులు సుచరిత దగ్గరుండు" అన్నాడు నన్ను చూపిస్తూ. ఆమెను ఖాళీ చేయించడానికే ఈ ఎత్తు అని నాకు అనుమానం పుట్టింది. ఆరేళ్లు ఆయనింట్లో ఉంటే ఎవరికైనా అంటుకునే జబ్బే అది. సంగతి తేల్చుకుందామని ఆయన వెంట రంగుల దుకాణానికి వెళ్లాను.

తాత రంగుల కార్డులో ఒకదాని మీద వేలు పెట్టాడు. "గిది పచ్చనా, బూడిదనా?"

"రెండూ కలిసింది తాతా," అన్నాడు దుకాణం ప్రేమ్‌సాగర్.

"కలిపినవా? ఏం కలిపినవ్?"

"కంపెనీ రంగే. మస్తు గిరాకి ఉంది."

"ఎండకు వెలిసిన పచ్చను అంటగడ్తున్నవ్. వేపాకు మీద దుమ్ము పడ్డట్టుంది."

అయినా దాన్నీ, ఇంకో మూడు రంగులనూ కొద్దికొద్దిగా కలపమన్నాడు. మిషన్ ముందు నిలబడి చుక్కచుక్కా చూశాడు. "నల్లచుక్క పడ్డదేంది? ఎవ్వలు పడమన్నరు?" ప్రేమ్‌సాగర్ నాకు దండం పెట్టాడు.

పెయింటర్ నరేష్ ఆ నాలుగింటినీ గోడల మీద పలకంత మేర వేశాడు. తాత ఎదురుగా కుర్చీ వేసుకున్నాడు.

"పొద్దుగాల పచ్చగుండె, ఇప్పుడు బూడిదైంది. పూటకో తీరు మారేదాన్ని ఎట్ల నమ్ముతం?"

"ఎండ తిరిగితే గట్లనే కనబడతది తాతా."

"ఎండ తిరిగితే నువ్వు మారినవా? నరేష్‌వే ఉన్నవ్ గదా?"

మూడు రోజులు బ్రష్ కదల్లేదు.

నాలుగో రోజు, ఒంటిపూట బడి కావడంతో తొందరగా ఇల్లు చేరాను. మనీష గదిలోకి తొంగి చూస్తే తాత చాప మీద వెల్లకిలా పడి ఉన్నాడు. గబగబా వెళ్లి భుజం కుదిపాను.

"తాతా! దవాఖానకు పోదమా?"

"ఒర్రకు. నిద్ర పడ్తదా లేదా చూస్తున్న. ఆ లేతరంగు దిక్కు పండితే కన్ను మూతపడలే. గీ దుమ్ముపచ్చ దిక్కు పండితే ఎవ్వలో గురక పెట్టిన్రు. నేనేనా? మీ అవ్వను పిలువు, సాక్ష్యం చెప్తది."

నేను తేరుకునేలోపే మనీష సంచీ సర్దుకుని వచ్చి వాకిట్లో నిలబడింది. "తాతా, ఖాళీ చెయ్యమంటే చేస్త. గిన్ని ఆరాలెందుకు?"

తాత భార్య గుర్వమ్మ అవ్వ చేతిలో చాటతోనే బయటికొచ్చింది.

"ఎవ్వలు చెయ్యమన్నరే ఖాళీ? మొన్న డ్యూటీ దిగొచ్చి, బండి మీదనే కునికి గేటుకు గుద్దితివి గదా! ఆ పొద్దుసంది ముసలాయనకు ఒక్కటే మనేది. పిల్ల పగలు పండే గదికి మండే రంగు ఏయించింది నేనే గదా అని."

మనీష తల దించుకుంది. "ఎవ్వలు చూడలే అనుకున్న..."

"గేటు ఖరాబైతదని నా బాధ," తాత మొహం అటు తిప్పుకున్నాడు. "మీ అవ్వ మాటలు నమ్మకున్రి."

ఆ సాయంత్రమే దుమ్ముపచ్చకు తీర్పయింది. రంగు ఆరి, వాసన పోయాక మనీష మొదటిసారి ఆ గదిలో పడుకున్న రోజు నేను బడి నుంచి వస్తుంటే, వీధి మొదట్లో తాత ఒక ఉల్లిగడ్డల ఆటోకు అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"మైకు బంద్ పెట్టు."

"ఎందుకు తాతా?"

"మంచి గడ్డైతే గింత ఒర్రుడెందుకు? నాకు అనుమానంగుంది. ఒక్కొక్కటి చూపియ్యి."

ఆటోవాడు మైకు ఆపి, గొంతు తగ్గించి బేరం చేస్తూ బండిని మెల్లగా నడిపాడు. తాత ఒక్కొక్క గడ్డనూ వాసన చూస్తూ, పక్కన పెట్టేస్తూ, మనీష కిటికీ దాటించి వీధి చివరిదాకా తీసుకెళ్లి వదిలాడు. ఒక్క గడ్డ కూడా కొనలేదు.