అవ్వ భుజం మీది నాలుగు వేళ్ళు

అమ్మకు డెబ్బయ్యో ఏడాది వస్తోందని ఒక ఫోటో పుస్తకం అచ్చువేయించి ఇవ్వాలనుకున్నాను. రెడీమేడ్ టెంప్లేట్లు నచ్చక ప్రతి పేజీ నేనే డిజైన్ చేసుకున్నాను. ముఖచిత్రానికి మాత్రం మొదటినుంచీ ఒకటే ఫోటో అనుకున్నాను: మదనపల్లెలో అమ్మ గదిలో వేలాడే, అమ్మను కన్న అవ్వ ఫోటో. అమ్మ మూడు నెలల బిడ్డగా ఉన్నప్పుడే అవ్వ పోయింది. కుర్చీలో అవ్వ, ఆమె ఒళ్లో పసిబిడ్డగా అమ్మ. ఇద్దరూ కలిసి ఉన్న ఫోటో అదొక్కటే. ఇంటికి ఎవరొచ్చినా అమ్మ దాన్ని చూపిస్తుంది.

స్కాన్ చేసి పేజీ నిండా పెంచినప్పుడు మొదటిసారి భయం వేసింది. అవ్వ కళ్ళల్లో ఎక్కడా వెలుగు చుక్క లేదు. ఎడమ భుజం మీద నాలుగు వేళ్ళున్నాయి. వెనక నల్లటి తెర తప్ప మనిషెవరూ లేరు. ఆ వేళ్ళను చెరిపేద్దామని మౌస్ పట్టుకుని, మళ్లీ వదిలేశాను. ఫోటో వెనక పుంగనూరు స్టూడియో ముద్ర, పక్కన నంబరు ఉన్నాయి. అక్కడ పూర్తి కాపీ దొరుకుతుందేమో చూసి, అట్నుంచి కుప్పంలో ఉండే అవ్వ చెల్లెలు, మా చిన్నవ్వ దగ్గర్నుంచి మరికొన్ని ఫోటోలు తెచ్చుకుందామని బయల్దేరాను.

పొద్దున ఎనిమిదికి మదనపల్లెలో బస్సెక్కితే ముప్పావుగంటలో పుంగనూరు. ఆధార్ చూపిస్తే పల్లెవెలుగులో ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు. స్టూడియో ఇప్పుడు జిరాక్స్ దుకాణమైంది. నడిపేది పాత ఫోటోగ్రాఫర్ కొడుకు, అరవై దాటిన పెద్దాయన.

"యాడ నించి వస్తాండావమ్మా?" అంటూనే నంబరు చూసి, వెనక గదిలోంచి రేకు పెట్టె తెచ్చి నెగెటివ్ తీశాడు. ట్యూబులైటుకు అడ్డంగా పట్టుకుంటే ఫోన్‌తో ఫోటో తీసి రంగులు తిరగేశాను.

మా ఇంట్లో ఉన్నది పైభాగం కత్తిరించిన ఫోటో అని అప్పుడు తెలిసింది. కుర్చీ వెనక ఉన్నది తెర కాదు. నిలువునా కప్పిన నల్ల దుప్పటి. దాని కింద తల ఆకారం. ఒళ్లోని బిడ్డ కెమెరాను కాక ఆ తలవైపే చూస్తోంది.

పెద్దాయన పెట్టె మూసేశాడు. "మా నాయన ఇట్లాంటివి తీసేటోడని విన్నాను. నేనేం జెప్పేది తల్లీ? కుప్పంలో మీవాళ్లుండారంటివే, ఆడ అడుగు," అన్నాడు.

పలమనేరులో బస్సు మారి, వి.కోట మీదుగా కుప్పం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. దారిలో ఫోన్లో మళ్లీ ఆ ఫోటో తెరిచాను. పక్క సీటావిడ తొంగిచూసి, "ఎవురమ్మా ఆయమ్మ? కండ్లట్ల పెట్టుకోనుండాది?" అని ముఖం తిప్పుకుంది. ఫోన్ సంచిలో పెట్టేశాను.

చిన్నవ్వ వసారాలో అనపకాయలు వలుస్తోంది. ఫోటో చూపించగానే ఆమె చేతులు ఆగిపోయాయి.

"అది నేనే," అంది.

"ఏది అవ్వా?"

"దుప్పట్లో ఉండేది. మాయక్క తెల్లారుజామున పోయింది. ఒక్క ఫోటో కూడా లేదే, బిడ్డకు రేపు ఏం సూపిస్తామని మా నాయన ఫోటోలు తీసే ఆయప్పను పిలిపించినాడు. కుర్చీలో కూర్చోబెడితే అక్క వాలిపోతాండాది. నన్ను ఎనక నిలబెట్టి, దుప్పటి కప్పి, పట్టుకోమన్నారు. కండ్లు ఆయప్ప తర్వాత గీసినాడంట."

పక్కనే కూర్చుని అడిగాను: "భయం కాలేదా?"

"మీయమ్మ ఒకటే ఏడుపు. అక్క ఒళ్లో పెట్టంగానే గమ్మునైపోయింది. బిడ్డ కదిలినప్పుడల్లా అక్కే కదిలినట్లుండె. దుప్పట్లో ఊపిరి ఇనిపిస్తాండె పాపా. నాదో, అక్కదో ఇప్పటికీ తెలీదు." అనపకాయలు పక్కకు జరిపి అంది: "అందుకే మీ ఇంటికి రాను. ఆ ఫోటో ఉండే ఇంట్లో నాకు నిద్ర పట్టదు."

అమ్మకు చెప్పకూడదనుకున్నాను. కానీ ఫోన్లో ఆమె గొంతు వినగానే దాచలేకపోయాను. అమ్మ అంతా విని ఒక్కటే అడిగింది.

"చిన్నమ్మకు అప్పుడు ఎన్నేండ్లు?"

"పద్నాలుగంట అమ్మా."

"అంత చిన్నబిడ్డను ఏల నిలబెట్టినారు ఆడ?" అని అమ్మ ఏడ్చింది. ఆ వారంలోనే కుప్పం పోయి నాలుగు రోజులు చిన్నమ్మ పక్కనే పడుకుని వచ్చింది.

ముఖచిత్రం మార్చేశాను. ఆ ఫోటో లోపలి పేజీలో ఉంది, దుప్పటితో సహా. ఎదుటి పేజీలో చిన్నవ్వ వసారాలో నవ్వుతోంది. చచ్చిన మనిషిని బతికున్నట్టు చూపించడానికి అంతమంది ఆ రోజు ఎందుకంత పాటుపడ్డారో నాకు అర్థమవుతుంది. అయినా ఒంటరిగా ఉంటే ఆ పేజీని చూడకుండానే తిప్పేస్తాను. అమ్మ మాత్రం అక్కడే ఆగుతుంది.

మీరూ ఇలాంటి పుస్తకం చేస్తుంటే ఒక్క మాట. పాత ఫోటోను ఫ్రేములోంచి తీసి, అంచులతో సహా స్కాన్ చేయండి. రెండు పేజీల మీద పరిచేటప్పుడు ముఖం నడిమి మడతలో పడకుండా చూసుకోండి. మడతలోకి పోయిన ముఖాన్ని అచ్చయ్యాక బయటికి తీయలేం.