మెషిన్లకు తారీఖు చెప్పిన రోజులు

మొన్న కరీంనగర్ల కండ్ల దవాఖానకు పోతే, చిట్టీలు రాసే కౌంటర్ల పిల్ల "నెట్ వస్తలేదమ్మా, జర ఆగుండ్రి" అని చేతులు ముడుచుకొని కూసున్నది. లైన్ల నిలబడ్డ పెద్దమనుషులదంత గొణుగుడే గొణుగుడు. నాకు మాత్రం కోపం రాలే గాని, "జర పక్కకు జరుగు బిడ్డా, నేను చూస్త" అన్న మాట నోటిదాకా వచ్చింది. అరవై దాటిన ముసల్ది, కంట్ల చుక్కలేసుకొని ఒక కన్ను మూసుకొని కంప్యూటర్ మీదికి ఉరికితే ఆ పిల్ల పరేషాన్ అయితదని ఊకున్న. మీరు గూడ నా వయసోళ్ళే, నవ్వరన్న ధైర్యంతోటి చెప్తున్న, నెట్ రాని మెషిన్లకు నెట్ తెప్పించిన మనిషిని నేను.

మెట్‌పల్లిల మాది బీడీల గల్లీ. పెండ్లయి వచ్చినకాంచి అత్తతోటి పాటు నేను గూడ చాట ఒళ్ళె పెట్టుకొని, ఆకు కత్తిరించి, ఇరవై ఏండ్లు బీడీలు చుట్టిన. నాకు దగ్గు పట్టుకున్నంక మా అత్తకు మనసొప్పలే. పదో తరగతి పాసయిన కోడలు ఇట్ల దగ్గుకుంట కూసునుడేందని, నా వాటా బీడీలు గూడ తనే చుట్టుకుంట, ఆర్నెల్లు నన్ను కంప్యూటర్ నేర్చుకోను తోలింది. అత్తల మీద లోకంల ఎన్ని సామెతలున్నయో గాని, మా అత్త ఒక్కదానికీ అందలే. గట్ల నలభై దాటినంక బస్టాండు దగ్గరి ఆఫీసుల నాకు మొదటి కొలువు దొరికింది. గల్ఫ్ పోయేటోళ్ళకు పాస్‌పోర్టు దరఖాస్తులు నింపిచ్చే ఆఫీసు అది.

బోర్డు చూస్తే పెద్ద కంపెనీ అనుకుంటరు గాని లోపల రెండు అర్రలు, మూడు కంప్యూటర్లు, అంతే. కొత్తదాని మీద నాకంటే ముందు చేరిన అక్క కూసునేది, సేటు ఎక్కడినుంచో తెచ్చిన పాతవి రెండు నాకు పడ్డయి. సేటు మంచోడే, కాకుంటే పిడుగంటే మస్తు భయం. ఎన్నడో ఉరుముల వానకు ఇంట్ల టీవీ కాలిపోయిందట, అప్పటిసంది పొద్దుగూకంగనే తనే మెయిన్ బంద్ చేసి, ప్లగ్గులన్ని పీకి, బిస్మిల్లా అని తాళం వేసేటోడు.

ఒక వానకాలం నా రెండు మెషిన్లు సతాయించుడు మొదలుపెట్టినయి. నెట్ మొత్తానికే రాకపోతే అదో తీరు. రైలు టైము చూసే పేజీ తెరుచుకునేది, పాస్‌పోర్టు పేజీ, మెయిలు మాత్రం తెరుచుకోకపోయేవి. అక్క మెషిన్ల అన్ని బరాబర్ వచ్చేవి. వైర్లు మార్చినం, నెట్ డబ్బా బంద్ చేసి మళ్ళ పెట్టినం, అక్క వైరు పీకి నాదానికి తగిలిచ్చినం, ఏది చేసినా గదే కథ. పెద్ద మెకానిక్ అని ఒకాయనను పిలిపిస్తే చాయ్ తాగి, వీటి కాలం అయిపోయింది, ఇగ వీటికి నెట్ రాదని చెప్పి పోయిండు. శనివారం దాకా చూద్దాం, కాకుంటే రెంటినీ పాత సామాన్లకు వేద్దాం, ఒక్క మెషిన్‌కు ఒక్క మనిషి చాలు కదా అన్నడు సేటు. ఆయన నవ్వుకుంటనే అన్నడు. ఎద్దు పుండు కాకికి ముద్దా! నాకైతే చాట మళ్ళ ఒళ్ళెకు వచ్చినట్టే అయింది. ఇంట్ల అత్తకు చెప్పేటందుకు నోరు రాలే.

శుక్రవారం ఒకామె వచ్చి, నేను నా మెషిన్ల టైపు చేసిచ్చిన కాగితం నా ముందట పడేసి, ఏండ్ల కిందటి కాగితమని పాస్‌పోర్టు ఆఫీసోళ్ళు వాపసు ఇచ్చిన్రని లొల్లి చేసింది. చూస్తే నిజమే. ప్రింటు అడుగున మూలకు సన్నగ పడే తారీఖు ఎన్నో ఏండ్ల కిందటిది. ఆమెకు అక్క మెషిన్ల ఇంకోటి తీసిచ్చి పంపిన గాని, నా మనసుల ఒక అనుమానం పడ్డది. పేజీ తెరుచుకోనప్పుడల్ల ఇంగ్లీషుల నాలుగు లైన్లు వచ్చేవి, అవి పడంగనే ఈగను కొట్టినట్టు మూసేసుడే మా పని. నేను చదవలే, అక్క చదవలే, సేటు చదవలే, ఆ మెకానిక్ సుత చదవలే! పదో తరగతి ఇంగ్లీషును గుర్తుచేసుకొని తెర మీద వేలు పెట్టి చదివిన. నీ మెషిన్ల తారీఖు సరిగ్గ ఉన్నదా చూసుకో అని సక్కగ రాసి ఉన్నది. గోడకున్న క్యాలెండర్ చూసి తారీఖు మార్చిన. పాస్‌పోర్టు పేజీ తెరుచుకున్నది! రైలు పేజీ తారీఖు అడగదట, పాస్‌పోర్టుది, మెయిలుది తారీఖు తప్పుంటే లోపలికి రానియ్యవట. "ఏం మంత్రమేసినవే?" అని అక్క కుర్చీల నుంచి లేచి వచ్చింది. గోటితో పోయేదానికి మేము గొడ్డలి ఎత్తినం.

శనివారం పొద్దుగాల సేటు వచ్చి నా వెనుక నిలబడ్డడు. నేను కుషీగ మెషిన్ పెట్టిన. మళ్ళ అవే నాలుగు లైన్లు. సేటు అప్పటికే ఫోన్ తీసి పాత సామాన్ల ఆయన నంబర్ వెతుకుతుండు. తెర మూలకు తారీఖు చూద్దును గదా, రాత్రి మెయిన్ బంద్ కాంగనే ఆ మెషిన్ మళ్ళ పాత సంవత్సరానికి పోయి కూసున్నది. జర ఆగుండ్రి సేటూ అని, ఆయన ముందటనే తారీఖు మార్చిన. పేజీ పైనుంచి కిందికి మెల్లగ దిగింది. "రోజూ గిట్ల చెప్పాల్నా దీనికి?" అన్నడు. "రోజూ చెప్త సేటూ" అన్న. నా గొంతు అంత గట్టిగ ఉంటదని నాకే తెల్వదు. ఆయన నవ్వి ఫోన్ జేబుల పెట్టుకున్నడు, ఆ ముచ్చట మళ్ళెన్నడు ఎత్తలే.

కొన్ని నెలలు అదే నా పని, రాంగనే క్యాలెండర్ చూసుడు, రెండు మెషిన్లకు ఆ రోజు తారీఖు చెప్పుడు. పక్క దుకాణంల గడియారాలు బాగుచేసే చిచ్చా ఒకనాడు చూసి, పెట్టె విప్పి, లోపలి నుంచి పైసంత సెల్లు బయటికి తీసి, "కరెంటు లేనప్పుడు తారీఖు యాదిపెట్టుకునేది గిదే, గిది ఖతమైంది బిడ్డా, అంతే ముచ్చట" అని రెంటికీ కొత్తవి వేసిండు. ఆ తర్వాత మెయిన్ ఎన్నిసార్లు బంద్ చేసినా అవి రోజు మరువలే. ఆ ఆఫీసుల నేను పన్నెండేండ్లు చేసిన.

ఆ శనివారం ఇంటికి పోయి, కొలువు పోయేదుండె, నిలబడ్డది అని అత్తకు అప్పుడు చెప్పిన. ఏమైందో ఎట్లయిందో ఆమెకు సమజ్ కాలే. నా రెండు చేతులు పట్టుకొని ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసి, "తంబాకు వాసన పోయిందే నీకు" అని ఏడ్చింది. తను ఆ వాసనతోనే పోయింది, నాలుగేండ్ల కింద.

ఇప్పుడు మా గల్లీల చాటలు తక్కువైనయి. ఆడపిల్లలు సంచులేసుకొని పొద్దుగాలనే కొలువులకు పోతున్నరు, వాళ్ళను చూస్తే నా కడుపు నిండుతది. నెట్ అంటే వాళ్ళకు కుళాయి నీళ్ళ లెక్క, రాకుంటే చిరాకు, వస్తే ఏం లేదు. అట్లనే ఉండాలె, నేనేం తప్పు పట్ట. కాకుంటే, వాళ్ళు సాయంత్రం ఇంటికొచ్చినప్పుడు వాళ్ళ చేతులు పట్టుకొని అట్ల వాసన చూసేటోళ్ళు ఎవ్వరూ లేరే అని ఒక్కొక్కపారి అనిపిస్తది.