దొంగెవడో ముందే చెప్పు బిడ్డా

మా చిన్నప్పుడు... గద్వాలలో మా ఇంట్లో మధ్యాహ్నమైతే చాలు, లండన్‌లో హత్య జరిగేది!

నవ్వకండి, నిజమే చెబుతున్నా. మా నాయన గుంటమగ్గంలో కూర్చుని జరీ అంచు చీర నేస్తుంటే, కండెలకు పోగు చుట్టే పని ముగించుకుని నేను పక్కనే కూర్చుని డిటెక్టివ్ నవల పైకి చదివేదాన్ని. నూలు కోసం కర్నూలు పోయే మా మేనమామ తెచ్చేవాడా పుస్తకాలు... అట్టలు ఊడినవి, కాగితాలు పచ్చబడినవి. ఒకదాంట్లో ప్యారిస్ హోటల్లో నగ మాయం, ఇంకోదాంట్లో చైనా పోయే ఓడలో శవం. ఓడ ఎలా ఉంటుందో కూడా తెలియని పదేళ్ల పిల్లని నేను. బడి అప్పటికే మాన్పించారు. నాకు మిగిలిన చదువల్లా ఆ పుస్తకాలే.

నాయనకు అక్షరం రాదు. కానీ ఆయన అనుమానాలు వినాలి...

"బిడ్డా, ఆ ఊర్ల నేసేటోళ్లు లేరా? అందరు కోట్లేసుకొని తిరిగేటోళ్లేనా?"

నాకేం తెలుసు!

ఒకసారి ఈజిప్టు కథ పట్టుకున్నాం. ఎడారిలో గుడారం... ముసుగు మనిషి కత్తి ఎత్తాడు... నేను గొంతు తగ్గించి మరీ చదివాను. నా వేషాలు అప్పటినుంచే.

మర్నాడు సావుకారి వచ్చాడు. పట్టు, జరీ ఇచ్చి మాతో నేయించుకునేది ఆయనే. మగ్గం మీది చీరను వేళ్లతో తడుముతూ ఒకచోట ఆగాడు.

"ఈడ నేత బిగిసింది, ఈడ వదులైంది. ఏందిది? ఒక్కనివే నేసినవా, ఇద్దరు నేసిన్రా?"

కంటికి ఆనని తేడా అది. కథలో కత్తి ఎత్తినచోట నాయన పేకను, అంటే అడ్డపోగును, గట్టిగా కొట్టాడు, ఊపిరి బిగబట్టి విన్నచోట చెయ్యి తేలిపోయింది. నా డిటెక్టివ్‌లు ఎవరూ అంత తొందరగా నేరం పట్టలేదు!

"సరిజేసి ఇస్త సావుకారి" అన్నాడు నాయన, తల వంచుకుని.

"మల్ల గిట్లయితే పట్టు ఇంకొకరికి ఇస్త" అని వెళ్లిపోయాడాయన.

అవ్వ, అదే మా అమ్మ, ఊరుకుంటుందా... "ఆ పుస్తకాలు పొయ్యిల పెట్టు ముందుగాల!" అంది. నేను పుస్తకం ఒళ్లో దాచుకుని ఏడుపు మొదలుపెట్టాను. ఇక అయిపోయిందనే అనుకున్నా.

నాయన మళ్లీ మగ్గం గుంటలోకి దిగాడు. పాడైన మేర పేక పోగులు ఒక్కొక్కటే వెనక్కి తీస్తూ కూర్చున్నాడు. చాలాసేపటికి నా వైపు చూసి...

"సదువుడు బంద్ చెయ్యకు బిడ్డా. ఇప్పటిసంది పుస్తకం మొదలువెట్టేముందే దొంగెవడో నాకు చెప్పు. తెల్సినంక చెయ్యి అదరదు."

అలాగే చేశాం. కొత్త పుస్తకం రాగానే నేను ఆఖరి పేజీలు చదివి దొంగ పేరు చెప్పేదాన్ని. "ఓహో, వాడా!" అని తలూపి, పేక పోగును అటూ ఇటూ నడిపే నాడె విసురుతూ "ఇగ సదువు" అనేవాడు. నేత మళ్లీ చెడలేదు. నా చదువూ ఆగలేదు.

దొంగెవడో తెలిసిన డిటెక్టివ్ కథలో రుచేముంటుంది చెప్పండి? ఆ వయసులో నాకా ఆలోచనే రాలేదు. ఆయన నిజంగానే అంత సరదాగా వింటున్నాడనుకున్నా.

ఇప్పుడు మా మనవరాలు ఫోన్లో సినిమా చూస్తూ, నేను నోరు తెరిస్తే చాలు, "ముందే చెప్పొద్దు అమ్మమ్మా!" అని చెవులు మూసుకుంటుంది. చెప్పనులే తల్లీ అంటాను.

మా నాయన మాత్రం ఏళ్ల తరబడి ప్రతి కథనూ ఆఖరు నుంచే విన్నాడు... నేను చదువుతూ ఉండాలని. ఈ నాలుగు ముక్కలు ఇవాళ రాయగలిగానంటే అది ఆయన చలవే. మీ ఇంట్లోనూ అలాంటివాళ్లు ఉండే ఉంటారు... చెప్పండి, వాళ్లనూ ఒకసారి తలుచుకుందాం.