ఎడమ పురి తాడు

రేవు దాటించే పంటు నడి గోదారికి వచ్చేసరికి ఏసుదాసు సంచి పిడి తెగింది. బత్తాయిలు బల్లల మీద దొర్లేయి. సఖినేటిపల్లి రేవు ఇంకా దూరమే.

"కాళ్ళు అడ్డం పెట్టండయ్యా, గోదారమ్మకి నైవేద్యమైపోతాయి!" అంటూ ఓ ముసలమ్మ తన మోపులోంచి మూరెడు కొబ్బరితాడు లాగి, సంచికి రెండు ముళ్ళేసి ఇచ్చింది. "పట్టుకో బాబూ. నువ్వు తెగుతావు గానీ ఇది తెగదు."

చుట్టూ నవ్వేరు. ఏసుదాసు నవ్వలేదు. ఆ తాడు పురి ఎడమకి తిరిగి ఉంది.

తాడుని చూసి పామనుకునే భ్రాంతి మీద మన వేదాంతులు బళ్ళకొద్దీ గ్రంథాలు రాసేరు. తాడుని చూసి ఇది ఫలానా చేతిదని చెప్పేవాళ్ళ మీద మాత్రం ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. అరచేతుల మధ్య పీచు పేనితే అందరి తాడూ ఒకేవైపు పురి తిరుగుతుంది. ఎడంచేతివాటం వాడిదే ఎదురు తిరుగుతుంది.

ముప్ఫై నాలుగేళ్ళ కిందట, అమలాపురం అవతల పీచుమిల్లుల ఊళ్ళో, కాపలాదారు కొండలరావుని ఎవరో తాడు బిగించి చంపేరు. ముందురోజే అతనితో తగువు పడ్డాడని, మిల్లులో తాళ్ళు పేనే ఏసుదాసుని పోలీసులు పట్టుకెళ్ళేరు. పదకొండో రోజున, అదే మిల్లులో పనిచేసే వీరాయమ్మ ఎవరూ పిలవకుండానే స్టేషనుకి వచ్చింది. బల్లమీదున్న, కొండలరావు మెడకి బిగించిన తాడు చూపించి, "ఈ కుర్రాడు పేనింది కాదండి. ఎడమ పురి. మా మిల్లులో ఎడంచేత్తో పేనేది ఒక్కడే, నా తమ్ముడు ఎర్రయ్య" అంది. ఎర్రయ్య ఒప్పుకున్నాడు. వీరాయమ్మ ఆ వారమే ఊరొదిలేసింది.

ఒక్క దణ్ణం పెట్టుకోవాలని ఏసుదాసు అప్పట్నుంచీ వెతకని ఊరు లేదు. తను విడుదలైన తేదీన ఏటా ఇంట్లో కృతజ్ఞత ప్రార్థన కూడిక పెడతాడు. బత్తాయిలు రేపటి కూడికకే. పాస్టరుగారు దేవుడికి స్తోత్రాలు చెబుతూంటే, తను మనసులో ఇంకో పేరు కలుపుకుంటాడు.

తాడు మీంచి చూపు ముసలమ్మ ముఖం మీదికి తిప్పేడు.

"వీరాయమ్మగారా అండి?"

"ఆయ్. నువ్వెవరి తాలూకు బాబూ?"

"ఏసుదాసునండి. పీచుమిల్లు."

ఆవిడ ఎగాదిగా చూసింది. "లావయ్యేవు."

ఏసుదాసు వంగి దణ్ణం పెట్టేడు. "రేపు మీరు మా ఇంటికి రావాలండి. నన్నొదిలిన రోజు. ఏటా మిమ్మల్ని తలుచుకుని కూడిక పెట్టుకుంటాం."

"రేపా?" అందావిడ. "ఆ పూటే మావాడికి సంకెళ్ళేసేరు."

ముప్ఫై మూడు కూడికల్లో ఒక్కసారీ తట్టలేదు ఏసుదాసుకి. "తప్పైపోయిందమ్మా," అన్నాడు.

"ఏం తప్పు? నీ పండగ నువ్వు చేసుకో. నిజం చెప్పినందుకు నేనెప్పుడూ ఏడవలేదు. చంకనేసుకు పెంచినవాడని ఏడ్చేను."

"ఇప్పుడాయన..."

"శిక్ష తీరి వచ్చేడు. నా దగ్గరే ఉంటాడు. నువ్వు పట్టుకున్నది వాడు పేనిందే."

ఏసుదాసు తాడు వదల్లేదు.

పంటు రేవుకి తగిలింది. అతను గబగబా నాలుగు బత్తాయిలు తీసేడు. "ఆయనకివ్వండమ్మా. ఏసుదాసు ఇచ్చేడని చెప్పండి."

"వాడికి పులుపు పడదు," అంటూనే ఆవిడ నాలుగూ కొంగున కట్టుకుంది. మోపు నెత్తికెత్తుకుని, వస్తానని కూడా అనకుండా, జనంలోంచి గట్టెక్కి వెళ్ళిపోయింది.